ఇంట్లో కట్టే విమానం, మనం నేసిన గుడ్డ



విమానం అంటే మన బస్తీలో తెలిసింది రెండే సంగతులు. ఒకటి, నెత్తి మీద నుంచి పోయే చప్పుడు. రెండు, దుబాయికి పోయే మనోళ్ళను సాగనంపడానికి పోయిన విమానాశ్రయం గేటు. దాన్ని ఎవరు చేస్తరు, ఎట్ల చేస్తరు అని మనం ఎప్పుడూ అడగలేదు. ఎక్కడో పెద్ద కార్ఖానాల, పెద్ద చదువులు చదివినోళ్ళు చేస్తరని అనుకున్నం. అది నిజమే. కాని అమెరికాలో, ఇంగ్లండులో వేలమంది తమ ఇంటి షెడ్డులోనే, సాయంత్రం పని నుంచి వచ్చినంక, చిన్న విమానాలు కట్టుకుంటున్నరు. వాటిలో కూర్చొని ఎగురుతున్నరు కూడా.

నేను చదివింది నాలుగో తరగతి. ఈ సంగతులన్ని నా బిడ్డ కొడుకు ఫోనులో చూపించి, చదివి వినిపించి, అర్థం చెప్పినవి. కొన్ని నేను కండ్లారా చూసినవి. మిల్లుల పనిచేసినోళ్ళకు ఇందులో తెలుసుకోవాల్సింది ఉన్నదని అనిపించి రాస్తున్న.

పెట్టెలల్ల వచ్చే విమానం

దీన్ని కిట్ విమానం అంటరు. కంపెనీ విమానాన్ని తయారుచేసి అమ్మదు. దాని భాగాలు, నక్షలు, పని చేసే పద్ధతి రాసిన పుస్తకం, ఇవన్ని చెక్కపెట్టెలల్ల పెట్టి ఇంటికి పంపుతది. అల్యూమినియం రేకులు కోసి, చిల్లులు పొడిచి వస్తయి. ఎక్కువగ ముందు తోక భాగం తెప్పించుకుంటరు. అది చిన్నది, చెయ్యి కుదరడానికి మంచిది. అది అయినంక రెక్కలు, తర్వాత మనుషులు కూర్చునే నడిమి భాగం, చివరకు ఇంజను. ఒక్కసారే అంత పైసలు పెట్టాల్సిన పని లేదు.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఆయన 1973లో ఇట్లాంటి కంపెనీ పెట్టిండు. ఆయన కిట్లతో ఇండ్లల్ల కట్టిన విమానాలు ఇప్పటికి 11 వేలకు పైన ఎగిరినయి. అంతకు 20 ఏండ్ల ముందే, 1953లో, పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మిల్వాకీ ఊరి దగ్గర ఇట్ల సొంతంగ కట్టేవాళ్ళ సంఘం మొదలుపెట్టిండు. ఆ సంఘం మొదటి రోజులల్ల నడిచింది ఆయన ఇంటి నేలమాళిగలోనే.

ఒక కారు పెట్టే షెడ్డు ఉంటే ఈ పనికి సరిపోతదట. మాకు 160 చదరపు అడుగుల గది. అందులో ఆరుగురం బతికినం. ఒక కారుకే అంతకంటే పెద్ద జాగ ఇచ్చేటోళ్ళకు ఇది చిన్న షెడ్డే. కాని ఆ చిన్న జాగలో కూడా వాళ్ళు రెక్కలను నిలువుగ గోడకు పెట్టి, నడిమి భాగాన్ని బల్ల మీద పెట్టి, ఇంచు ఇంచు లెక్క చూసుకుంట పనిచేస్తరు. మొట్టమొదట తలుపు కొలవాలంటరు. లోపల కట్టింది బయటికి రావాలె కదా.

రెండు మనుషుల పని

రేకును రేకుకు కలిపేది రివెట్టు. ఒక విమానానికి పది వేలకు పైనే రివెట్లు పడుతయి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి పెడుతరు. జారకుండ స్ప్రింగు ఉన్న చిన్న చిన్న పిన్నులు చిల్లులల్ల దూర్చుతరు. అంత సరిగ్గ కూర్చున్నదని చూసుకున్నంక ఒక్కో పిన్ను తీసి ఒక్కో రివెట్టు వేస్తరు. ఒకరు ముందు దిక్కు నుంచి గాలితో నడిచే గన్నుతో కొడుతరు. ఇంకొకరు వెనక దిక్కు నున్నటి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటరు. ఆ దిమ్మకు తగిలి రివెట్టు తోక అణిగి గుండి లెక్క అయితది.

ఆ గుండికి కూడా కొలత ఉన్నది. రివెట్టు ఎంత లావో దానికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, సగం ఎత్తు ఉండాలె. తక్కువ అణిగినా, ఎక్కువ అణిగినా తీసేసి మళ్ళీ వెయ్యాలె. చిల్లు పొడిచినప్పుడు అంచుకు లేచిన గరుకు గీకెయ్యాలె. ఆ గరుకు ఉంటే కొన్నేండ్లకు అక్కడి నుంచే రేకు పగులుతది. సాంచా మీద ఒక్క పోగు తెగితే బట్ట పొడుగునా గీత పడినట్టే ఇది కూడా.

ఇట్ల రెక్కకు ఆ దిక్కు మొగుడు, ఈ దిక్కు పెండ్లాం, లేకుంటే తండ్రి, బిడ్డ నిలబడి కొడుతరు. కిట్ విమానం పూర్తి కావడానికి సుమారు 1500 నుంచి 2500 గంటల పని ఉంటదంటరు. నేను లెక్క వేసిన. 2000 గంటలంటే మన మిల్లు లెక్కన 250 షిఫ్టులు. ఏడాది పని లోపే. కాని రోజూ సాయంత్రం రెండు గంటలే చేసెటోళ్ళకు అది మూడేండ్ల పని. నడుమ ఆపినోళ్ళు చాలామంది ఉంటరు. సగం కట్టి అమ్ముకున్నోళ్ళూ ఉంటరు.

విమానానికి కట్టే బట్ట

రేకు సంగతి అట్ల ఉంచండి. అన్ని విమానాలు రేకువి కావు. చానా చిన్న విమానాలకు ఇప్పటికీ రెక్కల మీద ఉండేది గుడ్డనే. లోపల కట్టెవో, ఇనుప గొట్టాలవో పక్కటెముకలు. పైన గుడ్డ. ఇది వినంగనే నా చెవులు నిక్కబొడుచుకున్నయి.

మునుపు వాడింది నూలు గుడ్డ. దానికి ప్రభుత్వం పెట్టిన లెక్క ఉన్నది. పడుగులో ఇంచుకు 80 నుంచి 84 పోగులు, పేకలో కూడ అన్నే. మెర్సరైజ్ చేసిన నూలు. గజం మీద గజం గుడ్డ నాలుగు ఔన్సుల బరువు. ఒక ఇంచు వెడల్పు ముక్క కోసి రెండు దిక్కుల గుంజితే 80 పౌండ్లు, అంటే 36 కిలోల దాకా తెగొద్దు. ఎండకు, వానకు పాతపడి 56 పౌండ్ల కంటే కిందికి, అంటే 25 కిలోలకు దిగిందంటే ఆ గుడ్డ అంత విప్పేసి కొత్తది కట్టాలె. మన ఫోల్డింగ్ ఖాతాల గుడ్డను ఇంచు ఇంచు వెలుగుకు పట్టి చూసిన అన్నలకు ఈ లెక్కలు చెప్పక్కరలేదు.

కట్టినంక దాని మీద డోప్ అనే మందు పూస్తరు. పడుగుకు మనం గంజి పెట్టినట్టే. గంజి పోగును గట్టిపరుస్తది. డోప్ గుడ్డను గుంజి బిగిస్తది, సందులు మూస్తది. అప్పుడు వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగుతది.

ఇప్పుడు ఇంట్లో కట్టేవాళ్ళు పాలిస్టర్ గుడ్డ వాడుతరు. దాన్ని బిగించేది ఇస్త్రీ పెట్టె! గుడ్డను అంచులకు అంటించి, ఇస్త్రీ పెట్టె వేడి లెక్క చూసుకుంట రుద్దుతరు. చివరిసారి వేడి సుమారు 177 డిగ్రీలు ఉండాలె. గుడ్డ ముడుచుకొని బిగిసిపోతది. తర్వాత పొడుగు సూదితో, మైనం పట్టిన దారంతో రెక్క పై గుడ్డను, కింది గుడ్డను పక్కటెముకకు కలిపి కుడుతరు. పైన దిక్కు ఒకరు, కింద దిక్కు ఒకరు ఉండి సూది అందుకుంటరు. ఎండ పోగును తినకుండ వెండి రంగు పూత కూడా వేస్తరు.

నిరుడు మనవడు నన్ను విమానాల మరమ్మతు నేర్పే ఒక సంస్థకు తీసుకపోయిండు. ఆ దినం బయటోళ్ళను లోపలికి రానిచ్చిన్రు. అక్కడ ఎగరడం మానేసిన పాత గుడ్డ విమానం ఒకటి నిలబెట్టి ఉన్నది. పాఠం చెప్పే సారు పూత వెయ్యని గుడ్డ ముక్కలు కొన్ని బల్ల మీద పెట్టి, పిల్లలకు చూపిస్తున్నడు. నేను ఒకటి చేతిలకు తీసుకున్న. పోగులు లెక్కపెట్టే చిన్న అద్దం నా జేబులోనే ఉంటది, ముప్పై ఏండ్ల అలవాటు. పెట్టి చూసిన.

"ఇంచుకు 82" అని మరాఠీల అన్న.

సారు నన్ను చూసి, "కాకా, మీరు ఏ మిల్లు?" అని అడిగిండు. నేను చెప్పిన. ఆయన ఒక కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టి పిల్లలతోని, "పడుగు, పేక అంటే ఏంటో నాకంటే ఈయన మంచిగ చెప్తడు, అడగండి" అన్నడు. పిల్లలు అడిగిన్రు. అరగంట చెప్పిన. మిల్లు బందయినంక నన్ను పని గురించి అడిగినోళ్ళు వాళ్ళే మొదలు.

రైట్ అన్నదమ్ములు, చార్లీ టేలర్

అసలు మొట్టమొదటి విమానం కూడా ఇట్ల సొంత దుకాణంలో కట్టిందే. ఆర్విల్, విల్బర్ రైట్ అన్నదమ్ములకు అమెరికాలో డేటన్ ఊర్లో సైకిలు దుకాణం ఉండె. రెక్కలకు వాళ్ళు వాడింది బజారులో దొరికే మస్లిన్, నూలు గుడ్డ. కుట్టు మిషను మీద కుట్టిన్రు. గుడ్డను నిలువుగ పెట్టకుండ ఐమూలగ పెట్టి కట్టిన్రు, రెక్కకు బలం వస్తదని. 1903 డిసెంబర్ 17 నాడు అది మొదటిసారి 12 సెకండ్లు ఎగిరింది, 120 అడుగులు పోయింది. అదే దినం నాలుగోసారి 59 సెకండ్లు ఎగిరింది.

ఆ గుడ్డ ముక్కను 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుని మీదికి తీసుకపోయిండు. ఇంకొక చిన్న ముక్క 2021లో అంగారకుని మీద ఎగిరిన చిన్న హెలికాప్టరుకు అంటించి పంపిన్రు. నూలు గుడ్డ అంత దూరం పోయింది. దాన్ని నేసిన చెయ్యి ఎవరిదో ఎక్కడా రాసి లేదు.

ఆ విమానం ఇంజను చేసినాయన పేరు కూడా చాలామందికి తెలవదు. ఆయన చార్లీ టేలర్, ఆ సైకిలు దుకాణంలో పనిచేసే మెకానిక్కు. ఆరు వారాలల్ల 12 గుర్రాల బలమున్న ఇంజను చేసి ఇచ్చిండు. ముసలితనంలో పైసలు లేక, ధర్మాసుపత్రిలో పడి ఉంటే 1955లో ఒక పత్రిక మనిషి గుర్తుపట్టిండు. 1956లో చనిపోయిండు. ఇప్పుడు అమెరికాలో ఎక్కువ ఏండ్లు పనిచేసిన విమాన మెకానిక్కులకు ఆయన పేరు మీదనే సన్మానం చేస్తరు. ఆయన పుట్టిన మే 24ను మెకానిక్కుల దినంగ జరుపుకుంటరు. పేరు నిలిచింది కాని ఆలస్యంగ.

మన దేశపోళ్ళు ఇద్దరు

మన ముంబయిలోనే కాందివలి చార్కోప్‌లో కెప్టెన్ అమోల్ యాదవ్ అనే పైలట్ తాను ఉండే బిల్డింగు మేడ మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టిండు. అది కిట్ కాదు, నక్ష కూడా ఆయనదే. 2016 ఫిబ్రవరిలో బాంద్రా కుర్లా కాంప్లెక్సు ఎగ్జిబిషనులో దాన్ని చూపించినప్పుడు మరాఠీ పేపర్లల్ల ఫోటోలు వచ్చినయి. మీలో చాలామంది చూసే ఉంటరు. దానికి రిజిస్ట్రేషను 2017లో వచ్చింది. ఎగిరి చూసుకునే అనుమతి 2019లో వచ్చింది. 2020లో ధూళేలో ఎగిరింది. కట్టడానికి ఎంత ఓపిక పట్టిందో, కాగితాలకు కూడా అంత ఓపిక పట్టింది.

ఇంకొకాయన కేరళకు చెందిన అశోక్ అలిసెరిల్ తామరాక్షన్. ఇంగ్లండులో ఉంటడు, ఇంజనీరు. లాక్‌డౌన్ దినాలల్ల దక్షిణాఫ్రికా కంపెనీ కిట్ తెప్పించి, నలుగురు కూర్చునే విమానం కట్టిండు. ఏడాదిన్నర పట్టింది. ఖర్చు సుమారు కోటీ 80 లక్షలు. విమానానికి తన చిన్న బిడ్డ పేరు పెట్టుకున్నడు. 2022లో అది ఎగిరింది.

కోటీ 80 లక్షలు! అంత పైసల ముచ్చట మనకెందుకు అని మీరు అడుగుతరు. మనం కట్టేది లేదు, ఎక్కేది లేదు. అదీగాక కంపెనీలు కట్టిన వాటికంటే ఇంట్లో కట్టిన వాటికి ప్రమాదాలు ఎక్కువే. కొత్తగ ఎగిరే దినాలల్ల మరీ ఎక్కువ. అందుకే అమెరికాలో మొదటి 25, 40 గంటలు ఎవరినీ ఎక్కించుకోకుండ ఎగిరి చూడాలంటరు. నేను రాసేది విమానం కట్టుకోండని కాదు. వాళ్ళ పద్ధతిలో ఒక సంగతి ఉన్నది, అది మనకు పనికొస్తది.

పని చేసిన పుస్తకం

అమెరికాలో ఇట్లాంటి విమానానికి ఒక రూలు ఉన్నది. సగం కంటే ఎక్కువ పని కట్టుకునేటోడే చెయ్యాలె. పైసలిచ్చి చేయించుకుంటే ఒప్పుకోరు. మరి వాడే చేసిండని ఎట్ల తెలుస్తది? అందుకు మొదటి దినం నుంచి పుస్తకం రాస్తరు. ఏ తారీకున ఏ భాగం చేసిన్రు, ఎన్ని గంటలు చేసిన్రు, అన్ని రాసి ఫోటో తీసి పెడుతరు. పని అయినంక సర్కారు మనిషి వచ్చి విమానంతో పాటు పుస్తకం కూడా చూస్తడు.

అన్ని సరిగ్గ ఉంటే రెండు జరుగుతయి. విమానానికి మంటకు కాలని రేకు ముక్క ఒకటి బిగిస్తరు. దాని మీద తయారుచేసినవారు అన్నచోట కంపెనీ పేరు ఉండదు, ఆ మనిషి పేరు ఉంటది. రెండోది, ఆ మనిషి అర్జీ పెట్టుకుంటే, ఆ విమానాన్ని ఏటేటా తానే తనిఖీ చేసి సంతకం పెట్టొచ్చని సర్టిఫికెట్ ఇస్తరు. నీకు ఈ పని తెలుసు అని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంటది.

ఇది విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను 1977లో బద్లీగ చేరిన. 1982 సమ్మె చూసిన. సమ్మె అయినంక మళ్ళీ తీసుకున్నోళ్ళల్ల ఉన్న. మిల్లు బందయినంక భివండిల సాంచాలు నడిపిన. నాలుగు సాంచాలు ఒక్కన్నే చూసిన. చప్పుడు విని ఏ సాంచాలో ఏం తప్పుతున్నదో చెప్పేవాణ్ణి. నేసిన తానుకు మిల్లు ఛాపా పడేది. మా పేరు ఏ తాను మీదా పడలేదు. అది అప్పటి పద్ధతి, దానికి ఏడ్చి లాభం లేదు. కాని మిల్లు బందయిన నాడు మా చేతిల ఏం మిగిలింది? మిల్లు కార్మికుల ఇండ్ల లాటరీకి అర్జీ పెట్టేటప్పుడు, పనిచేసినట్టు రుజువు చూపమంటే టికెట్ నంబరు, ఈఎస్ఐ కార్డు కోసం ట్రంకు పెట్టెలన్ని తిరగేసినోళ్ళం మనం. ఆ కార్డు కూడా పనిచేసినమని చెప్తది గాని, ఏం పని వచ్చో చెప్పదు.

మనవడు పన్నెండో తరగతి పాసయి, ఆ సంస్థలో ఫీజు మనవల్ల కాదని తెలిసి, ఐటీఐలో రేకు పని నేర్చుకుంటనన్నడు. నా బిడ్డ ఒప్పుకోలేదు. "నాయినా, నీ చేతులు చూసుకుంట పెరిగిన. అంత పని వచ్చి నువ్వు ముసలితనంల వాచ్‌మన్ ఉద్యోగం అడగడానికి పోయినవు. వాడు ఆఫీసుల కూర్చోవాలె" అన్నది. బిడ్డ అన్నది అబద్ధం కాదు. నేను ఎదురు చెప్పలేదు. రెండు దినాలు ఊకున్న.

మూడో దినం బిడ్డను, అల్లున్ని కూర్చోబెట్టి రివెట్ల సంగతి కాదు, ఆ పుస్తకం సంగతి చెప్పిన. "నాకు పని వచ్చు, కాగితం లేదు. వీనికి కాగితం వచ్చే పని నేర్పుదం. ఐటీఐ సర్టిఫికెట్ వస్తది. అంతకు మీద, వాడు చేసిన ప్రతి పని తారీకు వేసి రాసి పెట్టుకుంటడు. పెట్టుకోకుంటే నేను చదువు బందు పెట్టిస్త" అన్న. బిడ్డ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "వాడు పుస్తకం రాస్తడా లేదా నేనే చూస్త" అన్నది.

ఇప్పుడు వాడు రోజూ రాస్తున్నడు. ఆదివారం ఆదివారం నా బిడ్డ తీసి చదువుతది. ఏ దినం రాయలేదో అడుగుతది. ముందు ఉద్యోగం ఎట్లాంటిది దొరుకుతదో నేను చెప్పలేను. కాని రేపు ఏ షాపుకు పోయినా, "నీకు ఏం వచ్చు?" అని అడిగితే వాడు నోటితోని చెప్పాల్సిన పని లేదు, పుస్తకం తెరిచి చూపిస్తడు.

అన్నలారా, అక్కలారా, మీ ఇండ్లల్ల కుట్టు పని, వైరింగు పని, మోటార్ల పని, బీడీల పని, వంట పని చేసే పిల్లలు ఉంటరు. ఒక నోటుబుక్కు కొనివ్వండి. తారీకు, పని, ఎన్ని గంటలు, ఎవరి కింద చేసిన్రు, ఇంతే రాయమనండి. ఫోను ఉన్నది, ఒక ఫోటో తీసి పెట్టుకోమనండి. రాయరాని పెద్దోళ్ళు ఉంటే పిల్లలు రాసిపెట్టాలె.

రిటైరయినోళ్ళకు ఒక మాట. మన పత్రికకు ఉత్తరం రాయండి. మీ పేరు, మీ ఖాతా, ఏ యేడు నుంచి ఏ యేడు దాకా, మీరు చేసిన గుడ్డ రకం. నాలుగు లైన్లు చాలు. సంపాదకులు ప్రతి నెల కొన్ని వేస్తమని ఒప్పుకున్నరు. మొదటిది నాది: వీవింగ్ ఖాతా, 1977 నుంచి మిల్లు బందయ్యేదాకా, ధోతులు, పాప్లిన్, లాంగ్‌క్లాత్.